అప్‌డేట్: క్రాయిడన్ ఫ్లాట్ లీజు, 80 ఏళ్లలోపు పడకుండా బయటపడ్డాం

పోయినేడు జూన్‌లో నేను అడిగింది ఇదీ: లండన్ క్రాయిడన్‌లో ఒక లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (భూమి వేరే యజమానిది, లీజు ఉన్నన్నేళ్లే ఫ్లాట్ మనది) నచ్చింది, లీజులో మిగిలిన ఏళ్లు తక్కువగా ఉన్నాయి, కొనొచ్చా అని. జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ఏజెంట్ 81 ఏళ్లు ఉందన్నాడు. లీజు కాపీ తెప్పించి చూస్తే మొదటి పేజీలోనే "2006 సెప్టెంబర్ 29 నుంచి 99 ఏళ్లు" అని ఉంది. అంటే 2025 సెప్టెంబర్ 29 దాటితే 80 ఏళ్ల లోపే! అప్పుడు లీజు పొడిగించుకోవాలంటే మ్యారేజ్ వాల్యూలో, అంటే పొడిగింపు వల్ల పెరిగే విలువలో, సగం కూడా భూమి యజమానికి కట్టాలి. దాన్ని తీసేసే 2024 లీజ్‌హోల్డ్ చట్టంలోని భాగం, పొడిగింపు కోరుతూ నోటీసు ఇచ్చేనాటికి అమల్లోకి రాలేదు.

ఫ్లాట్ కొన్నాక పొడిగింపు అడగడానికి రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది కదా, కొన్నాక మేమే నోటీసు ఇస్తాం అనుకున్నాను. కానీ ల్యాండ్ రిజిస్ట్రీలో మా పేరు ఎక్కేదాకా ఆ హక్కు రాదని సొలిసిటర్ చెప్పారు. రిజిస్ట్రేషన్‌కు నెలలు పట్టొచ్చు. నాకు ఒకటే టెన్షన్.

చివరికి అమ్మే పెద్దావిడే ఆగస్టులో సెక్షన్ 42 నోటీసు (లీజు పొడిగించమని చట్టప్రకారం యజమానికి ఇచ్చేది) ఇచ్చి, కొనుగోలు పూర్తయిన రోజే ఆ హక్కును మా పేరిట రాసిచ్చారు. ఆవిడ మేలు మరచిపోలేను. మిగిలిన ఏళ్ల లెక్క నోటీసు తేదీనాటిదే కాబట్టి ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా భయం లేదు.

పొడిగింపుకు భూమి యజమాని 14,200 పౌండ్లు అడిగాడు. మా సర్వేయర్ మాట్లాడి 9,800కి ఒప్పించారు. యజమాని వైపు లాయరు, వాల్యుయేషన్ ఖర్చులు కూడా మావే. లీజుకు ఇంకో 90 ఏళ్లు కలిశాయి, ఏటా కట్టే 250 పౌండ్ల గ్రౌండ్ రెంట్ (భూమి అద్దె) పోయింది.