సినిమా కంటే ముందే పుట్టిన సినిమా పాటలు: రాసిందెవరో తేల్చేదెలా?

క్విజ్‌బృందం:
ఉగాది క్విజ్‌కి "సినిమా కోసం రాయని సినిమా పాటలు" అని ఒక రౌండ్ పెడుతున్నాం. నెట్‌లో ఒక్కోచోట ఒక్కో పేరు కనిపిస్తోంది. "బండెనక బండి కట్టి" గద్దర్ రాశారా? "ఠాగూర్"లో "నేను సైతం" శ్రీశ్రీదా, సుద్దాల అశోక్‌తేజదా? ఎవరైనా లేచి అడిగితే నిలబడే వివరాలు కావాలి.

పాటలపుస్తకం:
"బండెనక బండి" కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో నైజాం సర్కారు మీద పుట్టిన పాట. గౌతమ్ ఘోష్ తీసిన "మా భూమి"లో గద్దర్ తెర మీద కనిపించి మరీ పాడారు. జనానికి ఆ గొంతూ ఆ మనిషీ గుర్తుండిపోయారు, దాంతో రాసిందీ ఆయనే అనేస్తారు. అందుకే "కట్టిందెవరు, పాడిందెవరు" అని విడివిడిగా అడగండి.

అదే సినిమాలో "పల్లెటూరి పిల్లగాడా" కూడా పోరాట కాలపు పాటే. రాసింది సుద్దాల హనుమంతు. పశువులు కాసే జీతగాడిని పట్టుకుని "పాలు మరిచి ఎన్నాళ్లయిందో" అంటాడు. పిల్లవాడి వయసెంతో, దొర గడీ ఎలాంటిదో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. ఈ పాటను రౌండ్‌లో తప్పకుండా పెట్టండి.

చరణం_పల్లవి:
"నేను సైతం"కి రెండు పేర్లూ చెప్పాలి. "నేను సైతం ప్రపంచాగ్నికి సమిధనొక్కటి ఆహుతిచ్చాను" అనే ఎత్తుగడ శ్రీశ్రీ "జయభేరి" కవితలోది ("మహాప్రస్థానం", 1950). దాని మీద "ఠాగూర్" (2003) పాట అల్లింది అశోక్‌తేజ, జాతీయ అవార్డూ ఆయనకే. పైన చెప్పిన హనుమంతుగారి కొడుకే ఈయన. ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన వేస్తే బాగుంటుంది.

అవార్డుల ప్రశ్న వేస్తే ఏడాది దగ్గర జాగ్రత్త. అవార్డుకి ఉండేది సినిమా ఏడాది, ప్రకటన ఆ తర్వాతెప్పుడో వస్తుంది. "బలగం" పాటకి కాసర్ల శ్యామ్‌కి వచ్చింది 2023 అవార్డు, ప్రకటించింది 2025 ఆగస్టులో. జవాబు పత్రంలో రెండు ఏళ్లూ రాసుకోండి.

పాటలపుస్తకం:
పాట సినిమా కోసం రాసిందో కాదో తేల్చే తేలిక పరీక్ష ఒకటుంది: కవి చనిపోయిన ఏడాదినీ సినిమా ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూడండి. బసవరాజు అప్పారావు 1933లో పోయారు. ఆయన "కొల్లాయి గట్టితేనేమి" 1938 నాటి "మాలపిల్ల"లో ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు. "జయ జయ జయ ప్రియ భారత" 1986 "రాక్షసుడు"లో వినిపిస్తుంది.

యూట్యూబ్‌లో వీడియో కింద ఉండే పేరుని ఒక్కదాన్నే నమ్మొద్దు. ఆల్బమ్ మొత్తానికీ ఒకే రచయిత పేరు తగిలించేస్తుంటారు, ఒక్క పాట రాసినవాళ్లు అక్కడే ఎగిరిపోతారు. ముందు సినిమా టైటిల్స్ ఆపి "పాటలు" కార్డు చదవండి. అందులో ముగ్గురు నలుగురుండి, ఏ పాట ఎవరిదో తేలకపోతే అప్పట్లో హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం చూడాలి.

క్విజ్‌బృందం:
చాలా థ్యాంక్సండీ. "కొల్లాయి"తో మొదలుపెట్టి ఏళ్ల వరసలో వేస్తాం.