సమస్య: "చచ్చినట్టి చుక్క సాక్ష్యమిచ్చె"

నిర్వాహకుడు: మిత్రులారా, ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. చచ్చినవాడు బోనెక్కి సాక్ష్యం చెప్పడం భూమ్మీద లేదు గాని ఆకాశంలో ఉంది. దూరపు గెలాక్సీల దాకా టేపు పట్టుకుని పోలేం. అక్కణ్ణుంచి మన దాకా వచ్చేది వెలుగే. ఆ వెలుగుతో దూరం ఎలా తేలుస్తారో పద్యంలో చెప్పండి.

తెనాలి లెక్కల మాస్టారు:

తోడు చుక్క సొమ్ము దోచి తెల్లని కుబ్జ
హద్దు మీరి పేలె నంతలోనె
ఎంత వెలుగొ తెలిసె నెంత దూరమొ తేల్చి
చచ్చినట్టి చుక్క సాక్ష్యమిచ్చె

నిర్వాహకుడు: మాస్టారూ, మొదటి పాదం చదవగానే మనసు నిండింది. పక్క నక్షత్రం పదార్థాన్ని లాక్కుంటూ బరువెక్కే శ్వేత కుబ్జాన్ని, అంటే ఇంధనం అయిపోయి చచ్చిన చిన్న చుక్కను, దొంగగా చూపించారు. 'కుబ్జ' అనగానే కృష్ణుడికి గంధమిచ్చిన ఆమె గుర్తొస్తుంది, అయినా 'తోడు చుక్క' పక్కనే ఉంది కాబట్టి అర్థం తప్పిపోదు. 'హద్దు' అన్న చిన్న మాటలో భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఉన్నారు. పంతొమ్మిదేళ్ళ వయసులో, 1930లో, ఇంగ్లండుకు ఓడలో వెళుతూ ఆయన వేసిన లెక్క అది. సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లు దాటితే శ్వేత కుబ్జం నిలవలేదు.

రెండు మాటలు మాత్రం చెప్పాలి. 'లోనె' తరవాత 'ఎంత' అని పాదాల మధ్య సంధి వదిలేశారు. 'అంతలోన / నెంత వెలుగొ' అంటే సరిపోతుంది. రెండోది, దాదాపు ఒకే హద్దు దగ్గర పేలతాయి కాబట్టి వెలుగూ దాదాపు ఒకటే అనుకుంటాం గాని, ఈ పేలుళ్ళన్నీ అచ్చంగా ఒకే వెలుగువి కావు. ఎక్కువ వెలిగేవి నెమ్మదిగా ఆరతాయి. ఆ ఆరే వేగం చూసి అసలు వెలుగును సరిదిద్దుతారు. అంటే చుక్క ఎలా చచ్చిందన్నదే దాని సాక్ష్యం! 1998లో రెండు బృందాలు ఇలాంటి చావులనే లెక్కించి, విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని తేల్చాయి.

విజయనగరం ఇంటర్ విద్యార్థి: నాకిది మొదటి పూరణ, తప్పులుంటే చెప్పండి సార్. కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోన్ టార్చి గోడ మీద వేసి చూశాను. మీటరు దూరం నుంచి పళ్ళెమంత వెలుగు పడింది. రెండు మీటర్లకు జరిగితే నాలుగు పళ్ళేలంత పరుచుకుని, అంతకంతా పలచబడింది.

దీప మొకటె గాని దూరమ్ము రెట్టింప
వెలుగు పావు వంతె విశ్వమందు
తగ్గినంత బట్టి దవ్వెంతయో చెప్పి
చచ్చినట్టి చుక్క సాక్ష్యమిచ్చె

నిర్వాహకుడు: బాబూ, గోడ దగ్గర చూసింది పద్యంలోకి తెచ్చావు, అదే కావాలి. ఒకే ఒక్క తప్పుంది. మొదటి పాదంలో 'దీ'కి 'దూ'తో యతి కుదరదు. ఈ-కారానికి ఊ-కారం మైత్రి కాదు. 'దీప మొకటె గాని తెరువు రెట్టింపైన' అను. తెరువంటే దారి. యతీ కుదిరింది, గణాలూ కుదిరాయి. మూడో పాదం ముట్టుకోవద్దు.

డాలస్ అక్కయ్య:

వెలుగు తగ్గి పెరిగి వేళ తప్పని చుక్క
లెక్క గట్టె నాడు లీవిటమ్మ
పలక మీద మచ్చ పాలపుంతను దాట
చచ్చినట్టి చుక్క సాక్ష్యమిచ్చె

తెనాలి లెక్కల మాస్టారు: 'లీవిటమ్మ' అన్న పిలుపుకు దండం అక్కయ్యా. ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెట్టా లీవిట్ 1912లో చిన్న మెజెల్లాన్ మేఘం అనే పక్క గెలాక్సీలోని 25 సెఫీడ్ నక్షత్రాలను, అంటే వేళ తప్పకుండా వెలుగు పెరిగి తగ్గే చుక్కలను, పోల్చి చూశారు. అన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నవి కాబట్టి పోలిక నిలిచింది. వెలిగి తగ్గడానికి ఎన్ని రోజులు ఎక్కువ పడితే ఆ చుక్క అంత కాంతివంతమైనది. కానీ మీ పద్యంలో చచ్చిందెవరు? సెఫీడ్ మినుకుతుందే గాని చావదే!

డాలస్ అక్కయ్య: నిజమే మాస్టారూ, అక్కడే నాకూ టెన్షన్. రాత్రంతా ఆలోచించి మూడో పాదం మార్చాను:

నోవ యనుచు దలచి నొక్కి కొట్టిన చోటె

1923 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ దగ్గరి మౌంట్ విల్సన్ కొండ మీది అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా గెలాక్సీని ఫొటో తీశారు. గాజు పలక మీద ఒక చుక్కను నోవా అనుకుని పక్కన 'ఎన్' అని రాశారు. నోవా అంటే ఒక్కసారి భగ్గుమని ఆరిపోయేది. పాత పలకలతో పోల్చితే ఇది ఆరి మళ్ళీ వెలుగుతోంది. 'ఎన్' కొట్టేసి, వెలుగు మారే చుక్క అని ఆశ్చర్యార్థకంతో రాశారు. చచ్చిందనుకున్నది బతికే ఉంది.

నిర్వాహకుడు: ఇప్పుడు పూరణ నిలబడింది! ఆ చుక్క 31 రోజులకోసారి వెలిగి తగ్గుతుంది. దాన్ని బట్టి ఆండ్రోమెడా సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని, అది మన పాలపుంతలోది కాదని హబుల్ తేల్చారు. కార్తీకంలో చీకటి రాత్రి ఉత్తరాభాద్ర దగ్గర పలచని మసకగా కంటికి కనిపించేది అదే.

ఆ సాక్షినీ మళ్ళీ బోనెక్కించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాస్ ఏంజెలెస్ దీపాలు తగ్గించిన రాత్రుల్లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడె అదే కొండ మీద ఆండ్రోమెడా నడిబొడ్డు నక్షత్రాలను విడివిడిగా పట్టగలిగారు. ఆ దారిలోనే సెఫీడ్లు వేర్వేరు వెలుగులున్న రెండు రకాలని తేలి, 1952లో దూరం రెట్టింపయింది. ఇప్పటి లెక్క సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

వచ్చే వారం సమస్య అక్కణ్ణుంచే, ఆటవెలదిలోనే:

"దీపమార్పినపుడె తెల్లవారె"