మే నెలలో వ్యాన్‌లో వైజాగ్ నుంచి కన్హా, ఎవరైనా వెళ్ళారా?

మాది మధురవాడ. నేనూ మా ఆవిడా పాత ఓమ్నీలో వెనక సీట్లు పీకేసి పరుపు వేశాం, అరకు, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా మధ్యప్రదేశ్‌లోని కన్హా నేషనల్ పార్క్ దాకా వెళ్దామని ప్లాన్. రాత్రుళ్ళు వ్యాన్‌లోనే పడుకోవచ్చా?

రిప్లై: అన్నా, అరకులో అయితే పర్లేదు, రాయ్‌పూర్‌లో మాత్రం మేలో 42 డిగ్రీలు మామూలే, ఏసీ లేని వ్యాన్‌లో ఉడికిపోతారు, అక్కడ రూమ్ తీసుకోండి, లేదంటే వదిన సగం దారిలో రైలెక్కేస్తారు.

రిప్లై: మేం పోయినేడాది వెళ్ళాం. కన్హాలో సఫారీకి సొంత బండి రానివ్వరు, అక్కడి జిప్సీ (సఫారీ జీపు) ముందే బుక్ చేసుకోవాలి, బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు, మేం కరెక్టుగా అప్పుడే చేరి గేటు చూసి వెనక్కొచ్చాం. కానీ ఎండాకాలం పులులు నీటిగుంటల దగ్గరికొస్తాయి, కనబడే ఛాన్స్ ఎక్కువ.

రిప్లై: జగదల్‌పూర్‌లో ఒకరోజు ఆగండి బ్రో. కాంగేర్ వ్యాలీ నేషనల్ పార్క్‌లో కుటుంసర్ గుహ వానాకాలం మూసేస్తారు, ఇప్పుడే చూడాలి. చిత్రకోట్ జలపాతం మాత్రం మేలో సన్నగా ఉంటుంది, ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

థాంక్స్ అండీ అందరికీ. రాయ్‌పూర్‌లో రూమ్ ఫిక్స్. మా ఆవిడ అప్పుడే ఆవకాయ జాడీ వ్యాన్‌లో పెట్టేసింది, ఘాట్ రోడ్డులో అది ఒలక్కుండా ఎలాగో ఎవరైనా చెప్పండి.