సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) నావిగేషన్, వెయిట్ అండ్ బ్యాలెన్స్: ఫార్ములాలు వచ్చు కానీ ప్రశ్న మార్చితే ఆగిపోతున్నా, ఎలా చదవాలి?

రన్‌వే_రాజు:
అందరికీ నమస్కారం. డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) ఎయిర్ నావిగేషన్ పేపర్‌కి ప్రిపేర్ అవుతున్నా. మెట్ (వాతావరణం), రెగ్యులేషన్స్ పర్లేదు, చదివితే గుర్తుంటున్నాయి. నావిగేషన్‌లో మాత్రం క్వశ్చన్ బ్యాంక్‌లో ఉన్న లెక్క అలాగే ఇస్తే చేసేస్తా, అంకెలు కాకుండా అడిగే పద్ధతి మార్చారంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. ముఖ్యంగా వన్ ఇన్ సిక్స్టీ రూల్, లోకల్ టైమ్ లెక్కలు, ఇంకా సీజీ (విమానం గరిమనాభి, అంటే బరువు కేంద్రం) షిఫ్ట్. పాస్‌కి 70 శాతం కావాలి కదా, ఇవి వదిలేస్తే కష్టం. పాసైనవాళ్ళు ఎలా చదివారో చెప్పండి ప్లీజ్.

గోదారి_పైలట్:
తమ్ముడూ, క్వశ్చన్ బ్యాంక్ ఒక నెల పక్కన పెట్టేయ్, ప్రతి లెక్కకీ ముందు బొమ్మ గియ్యి. 60 నాటికల్ మైళ్ళు వెళ్ళాక 1 మైలు పక్కకుంటే తప్పు 1 డిగ్రీ, వన్ ఇన్ సిక్స్టీ రూల్ మొత్తం అంతే. ఇప్పుడు 40 మైళ్ళు వెళ్ళావు, 4 మైళ్ళు కుడికి జరిగావు అనుకో, ట్రాక్ ఎర్రర్ (దారి తప్పిన కోణం) 4×60/40 అంటే 6 డిగ్రీలు. గమ్యానికి ఇంకా 60 మైళ్ళుంటే క్లోజింగ్ యాంగిల్ (అక్కడికి చేరడానికి అదనంగా తిప్పాల్సిన కోణం) 4. నేరుగా గమ్యానికే పోవాలంటే రెండూ కలిపి 10 డిగ్రీలు ఎడమకి తిప్పాలి, చాలామంది 6 దగ్గరే ఆగిపోతారు, ఆప్షన్లలో 6 కూడా ఉంటుంది మరి!
టైమ్‌కి అయితే మనకి మంచి గుర్తు ఉంది, ఐఎస్‌టీ రేఖ 82.5 డిగ్రీల తూర్పు, మన కాకినాడ పక్కనుంచే పోతుంది. డిగ్రీకి 4 నిమిషాలు. హైదరాబాద్ దాదాపు 78.5, అంటే లోకల్ మీన్ టైమ్ (ఆ ఊరి రేఖాంశాన్నిబట్టి వచ్చే టైమ్) ఐఎస్‌టీ కంటే ఓ 16 నిమిషాలు వెనక. పడమరకి పోతే వెనక, తూర్పుకి పోతే ముందు, ఇది ఒంటబడితే డేట్ లైన్ లెక్కలు కూడా భయపెట్టవు.

సీజీ_అక్క:
వెయిట్ అండ్ బ్యాలెన్స్ నాకు చాలా ఇష్టమైన సబ్జెక్ట్, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా. చిన్నప్పుడు ఎక్కిన ఊగుడు బల్లే ఇది, బరువు ఎంతో దూరం కూడా అంతే ముఖ్యం. మొత్తం మూమెంట్‌ని (బరువు × దూరం) మొత్తం బరువుతో భాగిస్తే సీజీ. ఉన్న సామానే అటూ ఇటూ జరిపితే మొత్తం బరువు మారదు, కాబట్టి 1000 కిలోల విమానంలో 20 కిలోల బ్యాగ్‌ని 150 సెంటీమీటర్లు ముందుకి జరిపితే సీజీ 20×150/1000, అంటే 3 సెంటీమీటర్లు ముందుకి. కొత్తగా సామాను ఎక్కించినా దించినా ఈ ఫార్ములా నేరుగా పెట్టకు, బరువూ మూమెంటూ రెండూ మళ్ళీ కూడుకో.
థియరీ కూడా బట్టీ వద్దు. సీజీ ముందుకి పోతే తోక ఇంకా గట్టిగా కిందకి తొయ్యాలి, ఆ భారం కూడా రెక్కే మొయ్యాలి, అందుకే స్టాల్ స్పీడ్ (ఇంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మొయ్యలేని వేగం) పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. వెనక్కి పోతే స్టెబిలిటీ తగ్గుతుంది, స్పిన్ (గింగిరాలు తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడటం కష్టం. 2003లో అమెరికాలో షార్లట్ దగ్గర బీచ్ 1900 పడిపోయి 21 మంది చనిపోయారు, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక భాగం) కేబుల్ సర్దుబాటు తప్పు, దానికి తోడు సీజీ లిమిట్ దాటి వెనక్కుంది, ప్రయాణికుల సగటు బరువు తక్కువ లెక్కేయడం దానికో కారణం. ఇది మార్కుల కోసం చదివే చాప్టర్ కాదురా.
యూనిట్లు జాగ్రత్త. అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) సాంద్రత లీటరుకి 0.72 కిలోలు ఇస్తే 100 లీటర్లు 72 కిలోలు. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానానికి కిలోలకి బదులు పౌండ్ల లెక్కతో ఇంధనం పోశారు, గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి, గిమ్లీలో గ్లైడ్ చేసి దించారు.

రన్‌వే_రాజు:
అక్కా, అన్నా చాలా థాంక్స్. ఒక డౌట్, టేకాఫ్‌కి సీజీ లిమిట్‌లో ఉంటే చాలా, లాండింగ్‌కి కూడా చూడాలా?

సీజీ_అక్క:
చూడాలి. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ట్యాంక్ ఎక్కడుందో దాన్నిబట్టి సీజీ జరుగుతుంది. జీరో ఫ్యూయెల్ (ఇంధనం లేకుండా), టేకాఫ్, లాండింగ్, మూడింటికీ సీజీ లెక్క వేసి చూడు.