1960ల సోల్ సౌండ్‌కి ఏ పాత డ్రమ్స్ తీసుకోవాలి?

ఇజీనారం కుర్రోడు:
అన్నలూ, మాది విజయనగరం. స్టాక్స్ అనే అమెరికా సోల్ మ్యూజిక్ కంపెనీ రికార్డుల్లో వినిపించే ఆ పొట్టి, పొడి స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్) సౌండ్ కావాలి, పాత లుడ్విగ్ కంపెనీ డ్రమ్ సెట్ ఒకటి అమ్మకానికుంది, రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. తీసుకోమంటారా, ఏటి?

కళింగ బీట్:
ఆగు తమ్ముడూ. 60ల లుడ్విగ్ షెల్ (డ్రమ్ గుల్ల) మూడు పొరల చెక్క, లోపల అంచుల్లో రింగులు, అందుకే సౌండ్ గుండ్రంగా, మెత్తగా వస్తాది, కాదనను. కానీ మెంఫిస్‌లో స్టాక్స్ స్టూడియో పాత సినిమా హాలు, ఆ గది కూడా పలికింది. అక్కడి డ్రమ్మర్ ఆల్ జాక్సన్ జూనియర్ అయితే స్నేర్ మీద పర్సు పెట్టి వాయించేవాడంట! ముందు నీ స్నేర్‌కి కోటెడ్ హెడ్ (గరుకు పూత ఉన్న పైపొర) వేసి, కాస్త లూజు చేసి, పర్సు పెట్టి కొట్టి చూడు. ఖాళీ పర్సైనా పర్లేదు.

సిక్కోలు స్టిక్స్:
ఆయన చెప్పింది రైటే. కొనేదే అయితే హెడ్ విప్పించి అంచు మీద వేలు తిప్పి చూడండి, గతుకులుంటే ట్యూనింగ్ నిలవదు, కొత్తగా కొట్టిన బెజ్జాలుంటే రేటు తగ్గించమనండి. రికార్డింగ్‌కి మైకులు రెండు మూడు చాలు.

ఇజీనారం కుర్రోడు:
పర్సు పెట్టాను, గంట కొట్టినట్టు మోగే స్నేర్ టప్‌మని ఆగిపోతోంది! సెట్ బేరం పక్కన పెట్టి కోటెడ్ హెడ్ ఆర్డరిచ్చేశా.