ఇంప్రెషనిస్టుల బొమ్మల్ని ‘అలంకారం’ అనడం తప్పా?

రంగులపెట్టె:
మారే వెలుగును రంగుల్లో పట్టుకున్న ఫ్రెంచి చిత్రకారులు ఇంప్రెషనిస్టులు. వాళ్ళలో ఒకడైన మొనే బొమ్మల్ని ‘హాల్లో గోడకు బాగుంటాయి’ అని తేల్చేస్తుంటే ప్రాణం చివుక్కుమంటుంది. 1874లో వాళ్ళ మొదటి ప్రదర్శన చూసి విమర్శకుడు లూయీ లెరోయ్ వెక్కిరించింది కూడా ఇలాగే కదా, మొనే సముద్రం బొమ్మ కంటే సగం తయారైన వాల్‌పేపర్ నయమని. చిత్రకళ వేరు, అలంకారం వేరు అని మనమైనా గట్టిగా చెప్పాలి.

విసనకర్ర:
మీ బాధ అర్థమైందండీ. కానీ అలంకారమంటే తక్కువ పని అన్నది లెరోయ్ చూపు. మొనే అలా అనుకోలేదు. 1877 ప్రదర్శనలో ఆయన పెట్టిన టర్కీ కోళ్ళ బొమ్మను ‘పూర్తికాని అలంకరణ’ అనే చూపించారు. ఓషెడే అనే వ్యాపారి భవంతి కోసం వేసింది అది. ఓసారి దగ్గరగా చూడండి. పచ్చిక తివాచీలా పైకి లేచిపోతుంది, ఇల్లేమో ఎక్కడో పైన. అడుగున ఒక కోడికి తలా మెడా తప్ప ఒళ్ళే లేదు, అంచు కోసేసింది! గోడ కోసం గీస్తున్నాడు కాబట్టే అంత తెగింపు వచ్చిందని నా నమ్మకం.

గోదారిగట్టు:
డబ్బున్నాయన అడిగాడు, ఈయన గీశాడు. ఆ ఓషెడే అదే ఏడాది దివాలా తీశాడు కూడా. మొనే తోటి చిత్రకారుడు పిస్సారో విసనకర్రల మీద బొమ్మలేసింది కూడా అమ్ముకోవడానికే. పూట గడవడానికి చేసిన పనిని సిద్ధాంతం చేయకండి.

విసనకర్ర:
డబ్బు అవసరం లేదని నేననను. కానీ అమ్మకానికేనైతే 1879 ప్రదర్శనలో పిస్సారో, ఆ బృందంలోనే ఉన్న దెగా తమ విసనకర్రల్ని మిగతా బొమ్మల సరసన ఎందుకు పెట్టినట్టు? వాళ్ళలో మరొకడు రెన్వార్ కుర్రతనంలోనే పింగాణీ మీద పూలు వేసి చెయ్యి తిప్పుకున్నవాడు. ఆ పల్చటి, మెరిసే పూత ఆయన నూనెరంగుల్లో నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఇక 1918లో యుద్ధం ఆగగానే మొనే ఫ్రాన్సుకు ఇస్తానన్న కలువల బొమ్మలు? వాటికి ఆయన పెట్టుకున్న పేరే ‘పెద్ద అలంకరణలు’. పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో రెండు కోడిగుడ్డు ఆకారపు గదులు, దాదాపు రెండు మీటర్ల ఎత్తు, చుట్టూ నీళ్ళే. అక్కడ గోడ తీసేస్తే బొమ్మ లేదు.

రంగులపెట్టె:
కలువల సంగతి ఒప్పుకుంటున్నాను. ఆ టర్కీ కోళ్ళను మాత్రం ఇన్నాళ్ళూ మ్యూజియంలో వేలాడే మామూలు బొమ్మగానే చూశాను. అది ఏ గదికోసం పుట్టిందో ఆ గదిలో ఊహించుకుని, మళ్ళీ చూస్తాను.