కరెంటు వచ్చిపోతే బోరు స్టార్టర్ బోర్డు బిగుసుకుపోతోంది

బోరుబావి:
బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ బోర్డు చేస్తున్నాను. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్పు, దాని వేగం నిర్ణయించే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటరు. బల్ల మీద స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా చక్కగా లేస్తుంది. చేలో మాత్రం కరెంటు రెప్పపాటు పోయి వస్తే చాలు, బిగుసుకుపోతుంది. మెయిన్ ఆపి, కాసేపాగి వేస్తే మళ్లీ మామూలే. ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని చిప్పు మెమరీలో) దాచిన టైమర్ విలువ కూడా ఒకసారి మారిపోయింది. ఎక్కడ చూడాలి?

రైతుబిడ్డ:
కెపాసిటర్ 4700 వేయండి, సరిపోతుంది.

పాతసోల్డరు:
చిన్న కోతలు దాటుతాయి, నిజమే. కానీ కాస్త పెద్ద కోత వస్తే 5 వోల్టులు ఇంకా మెల్లగా జారతాయి. తంటా అంతా ఆ జారుడులోనే ఉంది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ చిప్పుకు సుమారు 3.8 వోల్టులు కావాలి. అంతకన్నా కిందికి దిగితే ఏ ఆదేశాన్ని ఏమని చదువుతుందో ఎవరూ చెప్పలేరు. ఈప్రామ్ పాడయ్యేదీ అప్పుడే. వోల్టేజి బాగా అడుగుకు దిగకుండానే కరెంటు తిరిగొస్తే పవర్-ఆన్ రీసెట్ (కరెంటు రాగానే చిప్పును మొదటి నుంచి నడిపించేది) పలకదు.

కాపలా ఉండాల్సింది బ్రౌన్-అవుట్ డిటెక్టరు, అంటే వోల్టేజి ఒక హద్దు కన్నా దిగితే చిప్పును రీసెట్‌లో ఉంచేది. కొత్త చిప్పులో అది ఆపేసి ఉంటుంది. ఇదే చిప్పున్న ఆర్డుయినో ఉనో బోర్డులో హద్దు 2.7 వోల్టుల దగ్గర పెట్టారు, మీ క్రిస్టల్‌కు అది చాలదు. ఎక్స్‌టెండెడ్ ఫ్యూజులో (ప్రోగ్రామర్‌తో మార్చే చిప్పు సెట్టింగులో) చివరి మూడు బిట్లు 100 చేయండి, 4.3 అవుతుంది.

బోరుబావి:
పాతసోల్డరు గారూ, మోటారు లేచేటప్పుడు ఇక్కడ 230 కాస్తా 160 అవుతుంది. 4.3 పెడితే ప్రతిసారీ రీసెట్ అవదా?

పాతసోల్డరు:
అవుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నంతకాలం. 160 దగ్గర మీ 9 వోల్టులు 6.3 అవుతాయి. శిఖరం 8.9, బ్రిడ్జి 1.4 తినేస్తే మిగిలేది 7.5. 7805కు కనీసం 7 కావాలి, రిపుల్ (వోల్టేజిలో మిగిలే ఎగుడుదిగుడు) పోను ఇంకేముంది? 12 వోల్టులది వేసి, 7805కు హీట్‌సింక్ బిగించండి. మీ 1000 అప్పుడు సరిపోవచ్చు.

రీసెట్‌లో ఉన్నప్పుడు చిప్పు కాళ్లు గాలిలో ఉన్నట్టే. రిలే ట్రాన్సిస్టర్ బేసు నుంచి గ్రౌండుకు 10 కిలోఓమ్ లేకపోతే రిలే టకటకలాడుతుంది, దాంతో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు కూడా. ఇది మాత్రం మరవొద్దు.

రైతుబిడ్డ:
కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒక్కో బోర్డుకు ఒక్కో ఆలస్యం పెట్టండి.

పాతసోల్డరు:
మంచి మాట. పరీక్షకు స్విచ్ వద్దు, వేరియాక్ (వోల్టేజిని తిప్పి పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) తెచ్చుకోండి. 230 నుంచి మెల్లగా 100కు దించి, సున్నాకు పోనివ్వకుండా మళ్లీ పెంచండి. ఇప్పటి బోర్డు అక్కడే బిగుసుకోవాలి, మార్చినది లేవాలి.